పడవను ఎక్కడ వదలాలో ముందు తేల్చుకున్న యాత్ర: గ్రీసు తీరంలో ఒక కేస్ స్టడీ

మర్చంట్ నేవీలో కొంతకాలం పనిచేసి బయటికి వచ్చాక, మధ్యధరా సముద్రంలో సొంత పడవలతో తిరిగేవారికి ప్రయాణ ప్రణాళికలు వేసి ఇవ్వడం, అవసరమైతే కొన్నాళ్లు వారితోపాటు పడవలో ఉండి పని నేర్పడం నా వృత్తి అయింది. ఎక్కువమంది గాలుల గురించో, పత్రాల గురించో అడగడానికి వస్తారు. కింద రాస్తున్న కేసు ఈ రెండింటిలో దేని కిందికీ రాదు. పడవ బాగుంది, నడిపేవారికి శిక్షణ ఉంది, డబ్బు ఇబ్బంది లేదు, అయినా రెండు నెలల ప్రయాణంలో వారు చూడాలనుకున్న చోట్లలో ఒక్కటీ చూడలేకపోయారు. తీరం వెంట తిరుగుతూ ఒడ్డున ఉన్నదాన్ని చూడాలనుకునే వారిలో చాలామందికి ఈ చిక్కు ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది కనుక ఇది రాసి ఉంచడం అవసరమనిపించింది. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను, కొన్నింటిని మార్చాను. ఊళ్ల పేర్లు, దూరాలు, గాలుల సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

వారు యాభై అయిదు దాటిన దంపతులు. తెలుగువారే అయినా దశాబ్దాల క్రితం బ్రిటన్‌లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. ఆయన జీవితమంతా యంత్రాలతో పనిచేసినవారు, ఆవిడ పాఠశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవారు. పన్నెండు మీటర్లకు కాస్త తక్కువ పొడవున్న తెరచాప పడవను పాతది కొని, లెఫ్కాడా దీవి దగ్గర, పడవలను నేల మీద భద్రపరిచే ఒక యార్డులో చలికాలం ఉంచి, వసంతంలో నీటిలోకి దించేవారు. ఇద్దరికీ పడవ నడిపే ధ్రువపత్రాలున్నాయి. మొదటి వేసవి గ్రీసుకు పడమరనున్న అయోనియన్ సముద్రంలోనే గడిపారు.

మొదటిసారి వచ్చేవారికి అయోనియన్ దీవులను మేమందరం సిఫారసు చేయడానికి కారణం ఉంది. వేసవిలో అక్కడ ఉదయం గాలి దాదాపుగా ఉండదు, మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మైస్త్రో అనే గాలి మొదలవుతుంది, సాయంత్రానికి బలపడి చీకటి పడ్డాక తగ్గిపోతుంది. దీవికీ దీవికీ మధ్య దూరం తక్కువ. ఆటుపోట్ల తేడా మధ్యధరాలో చాలా స్వల్పం కాబట్టి గట్టుకు కట్టిన పడవ తాళ్లను గంటగంటకూ సవరించే పని లేదు. అందుకే అక్కడి రేవుల్లో పడవలను గట్టుకు పక్కవాటుగా పెట్టకుండా, ముందువైపు లంగరు వేసి వెనక్కి నడిపించి, వెనుక భాగాన్ని రెండు తాళ్లతో గట్టుకు కడతారు. పడవకూ గట్టుకూ మధ్య ఒక పలక వేసుకుని దిగుతారు. కొద్ది చోటులో ఎక్కువ పడవలు పట్టే పద్ధతి ఇది. అయితే పక్కపక్కన ఉన్న పడవలన్నింటి లంగరు గొలుసులూ నీటి అడుగున ఒకే చోట పరుచుకుని ఉంటాయి. ఈ కేసులో ఒకచోట ఆ సంగతి మళ్లీ వస్తుంది.

వారు తెచ్చిన సమస్య

రెండో వేసవి మొదట్లో ఒక ఉదయం వారు ఒక అఖాతంలో లంగరు వేసి, డింగీ అనే చిన్న పడవలో ఒడ్డుకు చేరి, కొండమీది శిథిలాలు చూడటానికి నడిచి వెళ్లారు. నీటి లోతు దాదాపు ఆరు మీటర్లు, వదిలిన గొలుసు ఇరవై మీటర్లు. మధ్యాహ్నం గాలి లేచింది. వారు కొండ దిగి వచ్చేసరికి పడవ తన చోటు నుంచి జరిగి రాళ్లకు అతి దగ్గరగా ఉంది. పక్క పడవవారు చూసి, దానిపైకి ఎక్కి మరికొంత గొలుసు వదిలి ఆపారు. చుక్కాని అంచు గీసుకుపోవడం మినహా నష్టమేమీ జరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన పడవ కనుచూపు దాటి వెళ్లడం మానేశారు.

నన్ను కలిసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, మరింత సురక్షితమైన లంగరు చోట్లతో కొత్త దారి గీసి ఇమ్మని. ఆవిడ అడిగింది వేరు. "రెండు నెలలుగా నేను చూసింది రేవులూ, రేవుల ముందున్న హోటళ్లూనండీ. ఒలింపియా ఇక్కడికి ఒక్కరోజు దూరమని ఈయనే చెబుతారు, ఈయనే కదలరు" అన్నారు. ఆయన కాదనలేదు. "గాలి లేచే వేళకు నేను పడవ మీద లేకపోతే నాకు ఏ గుడీ కనిపించదండీ, గొలుసే కనిపిస్తుంది" అన్నారు.

ఇటువంటి చోట భయాన్ని మనసుకు సంబంధించిన సంగతిగా తీసుకుని ధైర్యం చెప్పడం సులువు. అలా చెప్పబోయే ముందు, ఆ భయంలో ఎంత నిజముందో కొలిచి చూడాలనుకున్నాను. ఆవిడ ఇచ్చిన ప్రాచీన స్థలాలు, దీవుల జాబితాలో డెల్ఫీ, ఒలింపియా, ఎపిడారస్, మైసీనే, డెలోస్, సాంటోరిని ఉన్నాయి. మొదటి నాలుగూ తీరం నుంచి లోపలికి ఉన్నవే. ఉదాహరణకు డెల్ఫీని సముద్రం వైపు నుంచి చేరాలంటే అలవాటైన దారి గలాక్సిడి రేవులో పడవ కట్టి, ఇతేయా మీదుగా ఆలివ్ తోటల మైదానం దాటి పర్నాసస్ కొండవాలు ఎక్కడమే. ఆ దారి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. బస్సు కోసం ఎదురుచూపు, అపోలో ఆలయం, థియేటరు, అన్నింటికీ పైన ఉన్న స్టేడియం, మ్యూజియంలో రథసారథి కాంస్య విగ్రహం, తిరుగు ప్రయాణం, ఇవన్నీ కలిపితే పగలంతా పోతుంది. కొరింథ్ గల్ఫులో గాలి ఉధృతమయ్యేది సరిగ్గా ఆ మధ్యాహ్నపు గంటల్లోనే. అంటే పడవకు మనిషి అవసరం అన్నింటికంటే ఎక్కువగా ఉండే వేళా, యాత్రికుడు పడవకు అన్నింటికంటే దూరంగా ఉండే వేళా ఒకటే అవుతున్నాయి. ఆయన భయం లెక్క ప్రకారం సరైనదే. తప్పు ప్రణాళికలో ఉండి ఉండాలి, లేదా లంగరు వేసే తీరులో ఉండి ఉండాలి. రెండోదాన్ని ముందు పరీక్షించాం, ఎందుకంటే అది తక్కువ ఖర్చుతో తేలుతుంది, ఫలితం ఎలా వచ్చినా ఆ నైపుణ్యం వారికి కావలసిందే.

ముందు ప్రయత్నించినవి

మొదటి సాయంత్రం వారు తమకు అలవాటైన తీరులోనే లంగరు వేశారు, నేను మాట్లాడకుండా చూశాను. ఆ తరువాత ముఖానికి అద్దం పెట్టుకుని ముగ్గురం నీటిలోకి దిగాం. అడుగున ముదురు ఆకుపచ్చ పట్టీల్లా ఊగుతున్నది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. దాని వేళ్లు, కాండాలు అల్లుకుని మందపు చాపలా పేరుకుంటాయి, లంగరు మొన ఆ అల్లికలోకి దిగదు. వారి లంగరు గడ్డి మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని కొంకికి ఒక గడ్డి కుచ్చు చిక్కుకుని ఉంది, పై నుంచి చూసేవారికి పడవ నిలిచినట్టే కనిపించడానికి ఆ కుచ్చు చాలింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, పైకి వచ్చి, "ఇంతకాలం దీని మీద నిద్రపోయామా?" అన్నారు. ఈ గడ్డి చేపలకు ఆశ్రయం కాబట్టి మధ్యధరాలో దీనికి చట్టరీత్యా రక్షణ ఉంది, పడవ క్షేమం దృష్ట్యా చూసినా దాన్ని వదిలేయడమే మేలు.

ఆ తరువాత లేత రంగులో కనిపించే ఇసుక మచ్చలను వెతికి వాటి మీదే లంగరు దించడం, పడవ ముందు భాగం ఎత్తును కూడా లోతుకు కలిపి దానికి కనీసం అయిదు రెట్లు గొలుసు వదలడం, కాసేపు ఆగి ఇంజన్‌ను మెల్లగా రివర్స్‌లో పెంచుతూ లంగరును కూరుకోనివ్వడం సాధన చేశారు. లంగరు పట్టిందా లేదా అన్నది తెలుసుకోవడానికి బిగిసిన గొలుసు మీద అరచేయి ఆనించడం కంటే మంచి మార్గం నాకు తెలియదు. లంగరు అడుగున ఈడ్చుకుపోతుంటే ఆ గొలుసు గరగరమని చేతికి తెలుస్తుంది, పట్టిన లంగరు గొలుసు సాగి బిగుసుకుని నిశ్శబ్దంగా ఉంటుంది. యంత్రాల మనిషి కనుక ఆయనకు ఆ తేడా రెండోసారికే పట్టుబడింది.

కొన్నాళ్లకు ఆయన రాత్రులు నిశ్చింతగా నిద్రపోవడం మొదలుపెట్టారు. పగలు మాత్రం పడవ వదలలేదు. ఇది నాకు చాలా విషయం చెప్పింది. రాత్రి లంగరు జారితే ఆయన పడవ మీదే ఉంటారు, లేచి ఇంజన్ వేయగలరు. పగలు ఊళ్లో ఉంటే ఎంత మంచి లంగరైనా జారిన తరువాత చేసే పని ఏమీ లేదు. లంగరు నైపుణ్యం మనిషికి కొంత సమయం సంపాదించి పెడుతుంది, ఆ సమయాన్ని వాడుకోవడానికి మనిషి పడవ మీద ఉండాలి. అంటే తప్పు లంగరు వేసే తీరులో ఉందన్న అనుమానం సగమే నిజం.

వంతుల పద్ధతిని వారే మొదలుపెట్టారు. ఒకరు ఒడ్డుకు వెళితే మరొకరు పడవ మీద ఉండాలి. ఆవిడ టాక్సీలో వెళ్లి ఒక కోట చూసి వచ్చారు, ఆయన ఆ పూట పడవ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపు విప్పి మళ్లీ బిగించారు. భోజనాల వేళ ఇద్దరి మధ్యా మాటలు కరువయ్యాయి. ఈ పద్ధతిని నేను ప్రోత్సహించకపోవడానికి ఇంకో కారణం ఉంది. గాలిలో లంగరు జారుతున్నప్పుడు ఒక మనిషి ముందుభాగాన గొలుసు చుట్టే మోటారు దగ్గర, ఒక మనిషి వెనుక చుక్కాని దగ్గర ఉండాలి. ఒంటరిగా ఉన్నవారు అటూ ఇటూ పరుగెత్తుతూ రెండు పనులూ చేయబోతే గాయపడతారు. కలిసి చూడటానికి వచ్చిన యాత్రలో ఇద్దరిలో ఒకరికి కాపలా పని ఇవ్వడం ఎలాగూ నిలవదు.

లంగరు జారితే ఫోనుకు హెచ్చరిక పంపే యాప్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కొండమీద ఉన్నవాడికి పడవ జారుతోందని తెలియడం వల్ల ఆందోళన తప్ప పడవకు ఒరిగేది లేదు.

తెల్లవారుజామున బయలుదేరి గాలి లేవకముందే తిరిగి రావడం మాత్రం కొంత ఫలించింది. సెఫలోనియాలో అసోస్ కోట, ఇథాకాలో కొండదారులు వారు ఇలాగే చూశారు. రేవు నుంచి నడిచిపోగల చోట్లకు ఇది చక్కగా సరిపోతుంది. పెద్ద పురావస్తు స్థలాలు వేసవిలో సాధారణంగా ఉదయం 8 గంటలకు తెరుస్తారు కాబట్టి, లోపలి చోట్లకు వెళ్లిరావడానికి మధ్యాహ్నం లోపు ఉన్న వ్యవధి చాలదు. గడియారాన్ని ఎంత బిగించినా డెల్ఫీ అందులో ఇమడలేదు.

దారిని తిరగేయడం

అంతవరకూ వారి దగ్గర ఉన్నది పడవ దారి. ఏ రోజు ఏ అఖాతంలో ఆగాలో రాసుకుని, అక్కడికి దగ్గరలో ఏముందో చూసుకునేవారు. దాన్ని తిరగేశాం. చూడాలనుకున్న చోటును ముందు రాసి, దానికి ఎదురుగా ఒకే ప్రశ్న వేసుకున్నాం: అది చూసి వచ్చేంతసేపూ పడవ ఎవరి కంటి కింద ఉంటుంది?

ఈ ప్రశ్నతో చూస్తే పడవను వదిలే చోట్లు మూడు తరగతులయ్యాయి. లంగరు మీద అఖాతంలో ఉన్న పడవను వదిలి అరగంటలో తిరిగి రాగల దూరం దాటకూడదు. ఊరి రేవు గట్టుకు, సొంత లంగరు ముందు వేసి కట్టిన పడవను గాలి లెక్క చూసుకుని ఒక పూట వదలవచ్చు, ఎందుకంటే అక్కడ చుట్టూ మనుషులుంటారు, అయితే పక్కవాడి లంగరు మన లంగరును లేపవచ్చు. నీటి అడుగున శాశ్వతంగా బిగించిన తాళ్లు, చూసుకోవడానికి సిబ్బంది ఉన్న మెరీనాలోనో, నేల మీదికి ఎత్తిపెట్టే యార్డులోనో అయితే ఎన్ని రోజులైనా వదలవచ్చు. ఆయన ఈ విభజనను వెంటనే ఒప్పుకున్నారు. ఇక్కడ ఆయనను ధైర్యంగా ఉండమని ఎవరూ అడగలేదు, ఎంతసేపు ధైర్యంగా ఉండవచ్చో లెక్క కట్టి ఇచ్చాం, అంతే.

డెల్ఫీ దగ్గరే మొదటి గట్టి నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. గలాక్సిడి అందమైన రేవు, పందొమ్మిదో శతాబ్దపు ఓడ యజమానుల ఇళ్లతో నిండిన ఊరు, డెల్ఫీకి దగ్గర. కానీ మా లెక్కలో అది రెండో తరగతి, డెల్ఫీ మాత్రం పూర్తి రోజు పని. దూరం తక్కువ కాబట్టి సర్దుకుందామా, తరగతి తక్కువ కాబట్టి వదులుకుందామా అన్నది ప్రశ్న. గల్ఫు బయటే, పట్రాస్‌కు ఎదురుగా ఉన్న మెస్సొలొంగిని నేను సూచించాను. ఉప్పునీటి మడుగును చీల్చుకుంటూ తవ్విన పొడవాటి కాలువ గుండా, కర్రల మీద నిలబెట్టిన జాలరి ఇళ్లను దాటుకుంటూ లోపలికి వెళితే, అన్ని వైపుల నుంచీ రక్షణ ఉన్న నీటిలో మెరీనా ఉంది. అక్కడి నుంచి డెల్ఫీకి కారులో రెండు గంటలకు పైగా పడుతుంది. గలాక్సిడితో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు దూరం, అయినా పడవ మూడో తరగతి చోట ఉంటుంది కనుక ఆ రాత్రి డెల్ఫీ ఊళ్లోనే పడుకోవచ్చు, మర్నాడు ఏథెన్స్ నుంచి టూరిస్టు బస్సులు చేరకముందే లోపలికి వెళ్లవచ్చు. పైగా అదే చోటు నుంచి, రియో వంతెన దాటి పట్రాస్ మీదుగా, ఒలింపియా కూడా రెండు మూడు గంటల దారే. ఒలింపియాకు దగ్గరి రేవైన కటాకొలోకు పడవను దక్షిణంగా తీసుకెళ్లి మళ్లీ ఉత్తరానికి తెచ్చుకునే శ్రమ తప్పుతుంది. కటాకొలోలో క్రూజ్ ఓడలు ఆగిన రోజున వేలమంది ఒక్కసారిగా అదే దారి పడతారన్నది ఇంకో కారణం.

ఇక్కడ ఆయన ఒక అభ్యంతరం తెచ్చారు. పడవలో ఇంతదూరం వచ్చి కారులో తిరగడమేమిటి అన్నారు. చాలామంది ఇదే అడుగుతారు. దీనికి సమాధానం ఆవిడే చెప్పారు. ప్రాచీన కాలంలో డెల్ఫీకి సముద్రం మీద వచ్చినవారు కొండ కింద ఉన్న కిర్రా రేవులో ఓడలు దిగి, అక్కడి నుంచి నేల మీదే వెళ్లేవారు. ఓడను కాపలావారికి అప్పగించి వెళ్లడం ఆ యాత్రలో భాగమే అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారు, కారు మాట్లాడమన్నారు.

కాలాన్ని కూడా తిరగేయవలసి వచ్చింది. బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవారికి, ఆ దేశం ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగిన పరివర్తన గడువు 2020 డిసెంబరు 31తో ముగిశాక, గ్రీసుతో సహా ఉమ్మడి సరిహద్దు నియమాలున్న షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండే వీలుంది. ప్రవేశించిన రోజు, బయటికి వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. వారు జూన్, జులై, ఆగస్టు నెలలు వరుసగా తిరగాలనుకున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే గ్రీసుకు తూర్పున ఉన్న ఏజియన్ సముద్రంలో మెల్తెమి అనే గాలి వీస్తుంది. మన నైరుతి రుతుపవనాలను రప్పించే వేసవి అల్పపీడనం దక్షిణాసియా నుంచి పడమరగా అనతోలియా దాకా సాగి ఉంటుంది, బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఒత్తిడి తేడాతో ఉత్తరం నుంచి వచ్చే గాలి ఇది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలుపై ఆరు, ఏడు అంకెల్లో ఉంటుంది, అంటే గంటకు 22 నుంచి 33 నాటికల్ మైళ్ల వేగం. జులై, ఆగస్టుల్లో ఏజియన్ నడుమనున్న సిక్లాడెస్ దీవుల్లో తిరుగుతూ పడవను గట్టున వదిలి డెలోస్‌కు వెళ్లమని ఈ దంపతులకు చెప్పడం బాధ్యతారాహిత్యం. కాబట్టి మే, జూన్‌లలో 55 రోజులు, సెప్టెంబరులో 30 రోజులు అని పంచాం. మిగిలిన 5 రోజులను ఫెర్రీ రద్దులకూ, పడవ మరమ్మతులకూ విడిగా ఉంచాం. నడుమ రెండు నెలలు పడవ నేల మీద, వారు ఇంటి దగ్గర. అప్పటికే ఒక వేసవి సగం గడిచిపోయింది కాబట్టి ఈ ప్రణాళికను మరుసటి సంవత్సరానికి పెట్టుకున్నాం. 90 రోజుల గడువు తెచ్చిన ఇబ్బంది ఇలా గాలి తెచ్చే ఇబ్బందిని తప్పించడానికి పనికొచ్చింది.

అమలులో

మెస్సొలొంగిలో అనుకున్నట్టే జరిగింది. డెల్ఫీలో ఒక రాత్రి, ఒలింపియాలో ఒక రాత్రి ఉన్నారు. ప్రణాళికలో లేనిది ఒకటి ఆవిడకు బాగా నచ్చింది. కవి బైరన్ 1824లో చనిపోయినది మెస్సొలొంగిలోనే. 1826లో ముట్టడిలో ఉన్న ఊరి జనం కోట దాటి బయటికి దూకిన ఘటనకు గుర్తుగా ఉన్న వీరుల తోటలో ఆవిడ ఒక పూటంతా గడిపారు. పడవను వదలడానికి మాత్రమే ఎంచుకున్న ఊరు చూడదగిన ఊరు కావడం ఈ తీరంలో వింతేమీ కాదు.

అక్కడి నుంచి తూర్పుకు సాగారు. రియో, ఆంటిరియోల మధ్య 2004లో తెరిచిన వంతెన కింద నుంచి వెళ్లేముందు వి.హెచ్.ఎఫ్. రేడియో 14వ ఛానెల్‌లో వంతెన నియంత్రణ కేంద్రాన్ని పిలిచి, మాస్తు (తెరచాప కొయ్య) ఎత్తు చెప్పి, ఏ స్తంభాల మధ్య నుంచి పోవాలో అడగాలి. ఆయన ఆ సంభాషణను ముందే కాగితం మీద రాసుకున్నారు. గలాక్సిడిలో రెండు రాత్రులు ఉన్నారు, ఊరు చూడటానికి మాత్రమే. తరువాత కొరింథ్ కాలువ. 1893లో తెరిచిన ఈ కాలువ ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, నీటి అడుగున 21 మీటర్ల వెడల్పు, రెండు వైపులా నిటారుగా కోసిన రాతిగోడలు. 2021లో చరియలు విరిగిపడటంతో మూతపడి చాలాకాలం మరమ్మతుల్లో ఉంది. అందుకని దారి గీసేటప్పుడే అది తెరిచి ఉందో లేదో తేల్చుకోవాలి. మూసి ఉంటే పెలొపొన్నీస్ ద్వీపకల్పం చుట్టూ, మలేయా అగ్రం మీదుగా తిరిగి రావాలి, అది వేరే ప్రణాళిక అవుతుంది. కాలువ రుసుము ఎక్కువే. ఆయన లెక్కపెట్టి, చుట్టూ తిరిగే రోజులకు అయ్యే ఖర్చుతో పోల్చి, మాట్లాడకుండా కట్టారు.

ఎపిడారస్‌కు మా లెక్కలోని రెండో తరగతి సరిపోయింది. పాలేయా ఎపిడావ్రోస్ రేవు నుంచి క్రీ.పూ. నాలుగో శతాబ్దపు థియేటరు టాక్సీలో కొద్దిసేపటి దూరం. ఉదయం తలుపులు తీసేసరికి అక్కడ ఉండి, 55 వరుసల పైకి ఎక్కి కూర్చుని, మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు. వచ్చేసరికి అంతా సవ్యంగానే ఉంది. చిక్కు మరునాడు బయలుదేరేటప్పుడు వచ్చింది. తమ లంగరు పైకి తీస్తుంటే దాని కొంకి మీద ఇంకొకరి గొలుసు వేలాడుతూ లేచింది. వారు ఒడ్డున ఉన్నప్పుడు పక్కన చేరిన పడవ లంగరును వీరి గొలుసు మీదుగా వేసింది. ఆయన ఆందోళన పడలేదు. ముందుభాగం నుంచి వంగి ఒక తాడును ఆ గొలుసు కింద నుంచి తీసి రెండు కొసలూ పడవకు కట్టారు, బరువు తాడు మీద పడ్డాక తమ లంగరును కొంచెం కిందికి వదిలి పక్కకు జరిపి విడిపించారు, ఆపై తాడు ఒక కొస వదిలేశారు. పక్క పడవవారు కాఫీ కప్పులతో చూస్తూ ఉండగా అంతా కొద్ది నిమిషాల్లో ముగిసిందట. గాలి లేని ఉదయం కాబట్టి అది అంత తేలికైంది. అదే మధ్యాహ్నం గాలిలో, పడవ మీద ఎవరూ లేనప్పుడు లంగరు లేచి ఉంటే సంగతి వేరుగా ఉండేది. రెండో తరగతి చోట ఒక పూటే అన్న హద్దు ఎందుకో దీన్నిబట్టి ఆయనకే స్పష్టమైంది. తరువాత ఒకచోట ఆవిడ ఇంకో రోజు ఉందామంటే ఆయనే ఆ హద్దు గుర్తుచేశారట.

మైసీనే, దాని దగ్గరి మరో ప్రాచీన కోట తిరిన్స్‌ల కోసం నాఫ్ప్లియో గట్టున పడవ కట్టవలసిన పని లేకుండా చేశాం. ఎలాగూ జూన్ చివర పడవను ఆర్గోలిక్ గల్ఫులోని కిలాడా యార్డుల్లో ఒకదానిలో నేల మీదికి ఎత్తించాలి. ఎత్తించిన తరువాత విమానం ఎక్కడానికి మిగిలిన రోజులను నాఫ్ప్లియోలో గది తీసుకుని గడిపారు. మైసీనే సింహద్వారం కింద నిలబడి ఉన్నప్పుడు పడవ ఇనుప ఆసరాల మీద, నేల మీద ఉంది. ఆ యాత్రలో ఆయన గడియారం చూడని రోజు అదేనని ఆవిడ నాకు రాశారు.

సెప్టెంబరులో మెల్తెమి బలం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కిలాడా నుంచి హైడ్రా, కిత్నోస్, సెరిఫోస్ మీదుగా పారోస్ చేరి, నమ్మకమైన చోట పడవ కట్టి, అక్కడి నుంచి ఇక ఫెర్రీల మీదే తిరిగారు. డెలోస్ చుట్టూ ప్రైవేటు పడవల లంగరుకు ఆంక్షలున్నాయి, ఆ దీవిలో రాత్రి ఉండనివ్వరు, కాబట్టి మికొనోస్ పాత రేవు నుంచి వెళ్లే పడవే సరైన దారి. ఒకరోజు గాలి వల్ల ఆ పడవలు రద్దయ్యాయి. విడిగా ఉంచిన రోజుల్లో ఒకటి అక్కడ ఖర్చయింది, మరునాడు వెళ్లి వచ్చారు. సాంటోరినిలో అగ్నిపర్వతం కుంగిన లోయ నిండా సముద్రమే, గోడల పక్కనే నీరు వందల మీటర్ల లోతు, లంగరుకు అడుగు అందే చోట్లు దాదాపు లేవు. దక్షిణాన ఉన్న వ్లిహాడా రేవు చిన్నది, దాని ముఖద్వారంలో ఇసుక మేట వేస్తుంది. అక్కడికి సొంత పడవలో వెళ్లడం మంచి నావికులు కూడా మానుకునే పనే. ఫెర్రీలో వెళ్లారు.

ఈ కేసు తరువాత నా పనిలో మారినవి

ప్రయాణ ప్రణాళిక అడిగినవారిని ఇప్పుడు నేను మొదట పడవ గురించి అడగడం లేదు. ఒడ్డున ఏమేం చూడాలనుకుంటున్నారో, ఒక్కొక్కదానికి ఎన్ని గంటలో రాయించుకుంటున్నాను. పడవ పొడవు, నీటిలో దాని లోతు, లంగరు బరువు ఆ తరువాత వస్తాయి. ఈ వరుస మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పడవతో మొదలుపెట్టిన మాట ఎప్పుడూ పడవ దగ్గరే ముగుస్తుంది.

భయపడేవారు ఉంటే ఆ భయాన్ని ముందు అంకెల్లోకి మార్చి చూడాలన్నది రెండోది. ఏ గంటకు గాలి, ఏ గంటకు తిరుగు ప్రయాణం, పడవ దగ్గర ఎవరు. లెక్క భయానికి అనుకూలంగా తేలితే ప్రణాళిక మార్చాలి, వ్యతిరేకంగా తేలితే అప్పుడు ధైర్యం చెప్పవచ్చు. ఈ దంపతుల విషయంలో లెక్క ఆయన పక్షానే తేలింది. లంగరు శిక్షణ మీద పెట్టిన శ్రమ వృథా పోలేదు, మొదటి, రెండో తరగతి చోట్లలో వారు ధీమాగా ఉండగలిగింది దానివల్లే. అయితే అది ఏ సమస్యను తీర్చగలదో, ఏది తీర్చలేదో విడదీసి చెప్పాలి.

ఖర్చు సంగతి దాచకూడదు. మెరీనా, కారు, గదులు, ఫెర్రీలు కలిపితే అఖాతాల్లో ఊరికే లంగరు వేసుకుని తిరిగినదానికంటే బాగా ఎక్కువైంది. ఏడు మీటర్లు దాటిన పడవలు గ్రీసు జలాల్లో కట్టే టెపాయ్ పన్ను దీనికి అదనం. అంత పెట్టలేనివారికి నేను స్థలాల జాబితా తగ్గించమంటాను, తరగతుల హద్దు సడలించమని చెప్పను. ఒక సంవత్సరం డెల్ఫీ, ఇంకో సంవత్సరం మైసీనే చూసినా కొంప మునిగేది లేదు.

వారం రోజులకు పడవ అద్దెకు తీసుకునేవారు, హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో వస్తున్న కుటుంబాలు, ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నారు. వారికి ఈ పద్ధతి ఇలాగే పనికిరాదు. శనివారం తీసుకున్న పడవను శుక్రవారం సాయంత్రానికి తిరిగి రేవుకు చేర్చాలి, చేతిలో విడి రోజులు ఉండవు, పడవకు నష్టం జరిగితే డిపాజిట్ పోతుంది. అటువంటివారికి లోపలి చోటు ఒక్కటే ఎంచుకుని, దాన్ని పడవ తీసుకోకముందో, తిరిగి ఇచ్చేశాకో చూడమంటున్నాను. పడవ చేతిలో ఉన్న ఆరు రోజులూ రేవు నుంచి నడిచిపోగల కోటలకూ, ఊళ్లకూ మాత్రమే పెట్టుకోవాలి. సరోనిక్ గల్ఫులో తిరిగేవారైతే అందులో పాలేయా ఎపిడావ్రోస్ ఒక్కదానికి ఒక ఉదయం కేటాయించవచ్చు, గాలి అంచనా ముందురోజు రాత్రి చూసుకుని.